మూతకు తగ్గ కూజా

దింగ్షులో ఆ ఏడు వాన వదల్లేదు.
రేకుల మీద చినుకులూ
మా మేనత్త మియావ్ ష్యూచిన్ కొయ్య సుత్తీ
ఒకటే చప్పుడు. ఏది వానో, ఏది మట్టో.

ఆయన గొడుగు మడవకుండానే లోపలికొచ్చాడు.
కువాయ్ అన్నాడు. తైహు సరస్సు అవతలి ఒడ్డట.
చేతిగుడ్డ విప్పి బల్ల మీద పెట్టాడు.
మూత. ఒట్టి మూత.
ఉసిరికాయంత బొడిపె, ముదురు బెల్లం రంగు,
ముప్పై ఏళ్ళు వేళ్ళు నిమిరిన నునుపు.
"దీని కింద కూజా పోయింది.
దీనికో కూజా చేసిపెడతారా?"

మేం కూజాకు మూత చేస్తాం.
మూతకు కూజా ఇంతవరకూ ఎవరూ అడగలేదు,
కప్పు ముందు నిలబెట్టి
దాని కింద గోడలు లేపమన్నట్టు.

అత్త నవ్వలేదు. మూత తిరగేసి
లోపలి అంచు చుట్టూ చిటికెనవేలు నడిపింది,
పసివాడి చిగుళ్ళలో మొదటి పన్ను వెతికినట్టు.
"పాత గని మట్టే," అంది.
"జాడీ అడుగున పిడికెడో రెండు పిడికెళ్ళో ఉండాలి."

ఈ మట్టి సంగతి చెప్పాలి మీకు.
పుట్టడం రాయిగా పుడుతుంది.
ఎండకు చిట్లి, మంచుకు పగిలి, తిరగట్లో పిండై,
చీకటి జాడీలో ఏళ్ళ తరబడి ఊరుతుంది.
సారె ఎక్కనంటుంది.
పలకలుగా సాగగొట్టి, పట్టీగా కోసి, చుట్టాలి.
లోపల ఎడమచేతి వేళ్ళు, బయట కొయ్య తెడ్డు,
టప్ టప్ టప్,
కొట్టిన కొద్దీ పొట్ట వస్తుంది,
కొట్టిన కొద్దీ మెడ ముడుచుకుంటుంది.

ఆవంలో పదో వంతు కుదించుకుపోతుంది.
ఒక్కోసారి ఇంకాస్త. ఎంతన్నది మంటకే ఎరుక.
మూతా కూజా ఒకే మంటలో కాలితే
ఒకదాని తప్పు రెండోది కాచుకుంటుంది.
ఈ మూత కుదించుకోవడం
ముప్పై ఏళ్ళ కిందటే ముగించేసింది.

మొదటి కూజా మూతను మింగేసింది.
రెండోది గడపలోనే ఆపేసింది, అప్పులవాణ్ణి ఆపినట్టు.
మూడోది ఆవంలో కోలదిరిగింది.
నాలుగూ అయిదూ నాకు గుర్తులేవు,
ఆ నెల నాకు జ్వరం.
ఆరోది కుదిరిందనుకుని నీళ్ళు పోసి వంచితే
మూత ఎగిరి అత్త ఒళ్ళో పడింది.
మేమిద్దరం చాలాసేపు ఊపిరి తీసుకోలేదు.
ఏడోదాని గురించి అత్త మాట్లాడదు.

ఎనిమిదోది చలికాలంలో దిగింది.
మూత కూర్చుంది. తిప్పితే ఒక్కచోట టక్కుమంది.
వెంట్రుకవాసి వదులు.
వేలు ఆనించకుండా వంచితే జారుతుంది.
అడుగున అత్త ముద్ర ఉంది.
వదులు కూజా మీద ఆ ముద్రను బతకనివ్వదు మా అత్త.
సుత్తి అందుకుంది.

కువాయ్ వద్దనలేదు.
"కాసిని మరిగిన నీళ్ళు," అని మాత్రం అడిగాడు.
జేబులో పొట్లం విప్పి, ఆకు వేసి, మూతపెట్టి, వంచాడు.
కుడిచేతిలో పిడి.
ఎడమచేతి చూపుడువేలు దానంతటదే వచ్చి
బొడిపె మీద ఆనింది.
ధార ఆగిపోయాక కూడా ఆ వేలినే చూస్తూ కూర్చున్నాడు.
"ఇది మా ఆవిడ పని," అన్నాడు.
"పిడి నాది, మూత తనది.
అదీ వదులే. అందుకే సంతలో చవగ్గా వచ్చింది."

అత్త సుత్తి పక్కన పెట్టి
"ఎంతకొన్నారేం?" అంది.
చెప్పాడు.
అంతే పుచ్చుకుంది, చిల్లరతో సహా.

మిగతా ఏడింటినీ దంచి, జల్లించి,
జాడీలో కొత్త మట్టికి కలిపాను.
ఇప్పుడు పలక సాగగొడుతుంటే
ఎప్పుడైనా తెడ్డు కింద కర్రుమంటుంది.
"ఏడోది," అంటుంది అత్త,
తలెత్తకుండా.