చిల్లర

ఏయూ గ్రౌండ్‌లో సున్నం గీతకు ఇవతల నా చోటు.
పదిహేడేళ్ళుగా అదే.
ఆటల పేజీలో ఎడమవైపు రెండు కాలమ్‌లు,
ప్రకటన వస్తే ఒకటి.

సూరాడ నూకరత్నం
మొదటిసారి ఎనిమిది వందల మీటర్లు ఉత్తకాళ్ళతో గెలిచినప్పుడు
పేరు తప్పు రాశాను, నూకరాజు అని.
మర్నాడు డెస్కుకి ఫోను:
"ఆడగుంటనండీ నేను. మగోణ్ణి సేసేసినారేటి?"
సవరణ వేశాం, మూడు లైన్లు.
పరిచయం అలా.

తర్వాత గీత చెరిగింది.
సున్నమే కదా,
ఎవరూ చెరపక్కర్లేదు, నడిస్తే చాలు.
ఒక వానరోజు మద్దిలపాలెం దాకా నా స్కూటీ వెనక.
ఒకసారి రైలు టికెట్టు వెయిటింగులో ఉంటే
కోటా కోసం ఎవరినో నేనే బతిమాలాను.
ఒక ఆదివారం జాలారిపేటలో వాళ్ళింట్లో
వాళ్ళమ్మ పైడితల్లి పెట్టిన కవ్వల పులుసు.
వెళ్ళొస్తానంటే కోనెం ముక్కలు పొట్లం కట్టింది,
మా పేపర్లోనే,
నేను రాసిన వార్త మీద చేప నెత్తురు.
డబ్బు తీస్తే చెయ్యి పట్టేసుకుంది.
"ఒగ్గేయమ్మా. నా కూతురు బొమ్మేసినావు."

అక్కడ ఆగాల్సింది.
ఆగలేదు.
వేపుడు చాలా బావుంది.

డిసెంబరు.
అంతర్ వర్సిటీ పోటీలకు ఆరు రోజులు,
ఎనిమిది వందలకు ఒక్కటే బెర్తు.
వాళ్ళ మేడమెట్ల మీద దిగుతోంది నూకరత్నం,
ప్రతి మెట్టుకీ ఎడమకాలే ముందు,
మోకాలు వంచకుండా, గోడ పట్టుకుని.
నన్ను చూసి
చివరి రెండు మెట్లు మామూలుగా దిగింది.
వార్త ఆ రెండు మెట్లే.

"అక్కా, రాయవు కదా?"

అంతకు ముందెప్పుడూ అక్కా అనలేదు.
ఆ రాత్రి అక్కా, విలేకరీ
ఒకే స్కూటీ మీద ఇంటికి వచ్చారు.
బీచ్ రోడ్డు పొడుగునా
ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

"నూకరత్నం మంచి ఫామ్‌లో ఉంది."
నాలుగు మాటలు.
కోచ్ అవి చదివాడు, కత్తిరించి బోర్డుకు అంటించాడు,
రిజర్వులో ఉన్న పాడేరు పిల్లని
మధ్యాహ్నం బస్సెక్కించేశాడు.
ఆ పిల్ల పేరు ఏ పేపర్లోనూ రాలేదు.
ఇక్కడ రాస్తున్నాను:
కొర్రా సుకిరి.

రెండో రౌండు మలుపులో
నూకరత్నం కూర్చుండిపోయింది.
పడలేదు. కూర్చుంది,
బస్సు కోసం కూర్చున్నట్టు.

అప్పుడు రాశాను:
మోకాలికి ముందే దెబ్బ ఉంది, నాకు తెలుసు, దాచాను.
డెస్కు చివరి రెండు ముక్కలూ కొట్టేసింది.
"నీ గోల పాఠకుడికెందుకు?"
మిగిలిన సగమే అచ్చయింది:
ముందే దెబ్బ ఉంది.
జాలారిపేట చదివింది ఆ సగాన్నే.

పది రోజుల తర్వాత ఫిషింగ్ హార్బర్‌లో పైడితల్లి గంప ముందు నిలబడ్డాను,
పక్క గంపకి పోదామని మూడుసార్లు అనుకుని.
"ఏటి కావాల, మేడమ్?"
కోనెం అన్నాను.
తూచింది. ముల్లు సరిగ్గా నిలబడే దాకా చూసింది.
"ఆరొందలెనబై."
ఏడొందలిచ్చాను.
బేరమాడే హక్కు నాకు లేదు,
తగ్గించే పని ఆమెకు లేదు.
చీర కొంగు విప్పి ఇరవై ఇచ్చింది, తడి నోటు.
అది క్షమించడమో, తెంచుకోవడమో
అడగలేదు.
కొన్ని ప్రశ్నలు గీతకి అవతల ఉంటాయి.

నోటు నా నోట్‌బుక్కులోనే ఆరింది.
వాసన పోలేదు.

మళ్ళీ నవంబరు.
కాలేజీల పోటీలు. మోకాలికి నల్లపట్టీ.
ఎనిమిది మందిలో ఏడోది.
ముక్కుతూ వంగి, రెండు చేతులూ తొడల మీద ఆనించి,
తలెత్తకుండా
గీత అవతల నుంచి అంది:
"మేడమ్, టైము రాసుకోండి."

రెండు నిమిషాల ముప్పయ్యొక్క సెకన్లు.
నెమ్మది. చాలా నెమ్మది.
అంతే రాశాను.