నడిమి కుట్టు

మొదట గుండుసూది అనుకుంది.
రవిక విప్పి, తిరగేసి, మడతలన్నీ దులిపి
కిటికీ వెలుతురుకి పట్టి చూసింది నమసికు.
సూది లేదు.
పొడుపు మాత్రం ఉంది,
ఎడమ రొమ్ము కింద, పక్కటెముక వెంబడి,
ఎవరో లోపలివైపు నుంచి టాకా వేస్తున్నట్టు.

మోంగు బజారులో ఆమెది మూడో కుట్టుమిషను,
ఎండుచేపల వరసకీ ఫోన్ల రిపేరు కొట్టుకీ మధ్య.
రెండు రోజులూ పెడల్ తొక్కుతూనే ఉంది.
మూడో పొద్దున నీటిపొక్కులు
వెన్నుపూస దగ్గర మొదలై
చంక కిందుగా తిరిగి
సరిగ్గా నడిమి కుట్టు పడేచోట ఆగిపోయాయి.
కుడిపక్కకి ఒక్కటీ దాటలేదు.
ఇంత తిన్నగా కత్తిరించే చెయ్యి
బజారులో ఎవరికీ లేదు, తనకీ లేదు.

సర్పి.
ఆ పేరు పలకడానికి బజారుకి ఇప్పటికీ నోరు రాదు.
చిన్నాన్న ఒంటిమీద ఈ పట్టీ కనపడ్డ ఏడు
పెద్దవాళ్ళు వడ్రంగి దాకా నడిచి
ఊరికే, మాటవరసకి,
చెక్కల ధర అడిగొచ్చారు.
అప్పుడు మాత్రలు లేవు.

ఇప్పుడున్నాయి.
ఆరు వారాలుగా రాత్రి ఎనిమిదింటికి ఒకటి,
ఒక్కరోజూ తప్పలేదు.
"మరెందుకొచ్చింది?" అంటూ డబ్బా క్లినిక్ బల్లమీద పెట్టింది,
కొలత తప్పిన గౌను వెనక్కి తెచ్చిన మనిషిలా.

నర్సు సితాలి డబ్బా ముట్టుకోలేదు.
చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా, అని అడిగాడు.

పోసింది.
మైదానం మునిగిన ఏడు, మిట్టకి పోయే పడవలో,
తనకీ తమ్ముడు లూబాసికీ ఒకే చాప మీద.
గోక్కోకుండా అమ్మ ఇద్దరి చేతులకీ గుడ్డలు చుట్టింది.
వాడు ఆ గుడ్డచేతులతో నీళ్ళు కొట్టి నవ్వేవాడు.
మిట్ట చేరేసరికి తగ్గింది.
పోయిందనుకున్నారు.

పోలేదట.
నరం మొదట్లో చాప పరుచుకుని
ముప్పైనాలుగేళ్ళు పడుకుందట.
హెచ్ఐవీ కాపలావాళ్ళని ఒక్కొక్కర్నే తినేస్తున్నప్పుడు
అది పక్కకి ఒత్తిగిల్లే ఉంటుంది.
ఇప్పుడు మందుతో వాళ్ళు తిరిగొస్తున్నారు,
దీపాలు పట్టుకుని మూలమూలా వెతుకుతున్నారు.
"ఈ మంటలో సగం వాళ్ళ కొట్లాటే.
ఆ మాత్ర ఆపకు.
ఇది ఇంకొకటి, రోజుకి ఐదుసార్లు, ఏడు రోజులు."

మిషను బల్లమీద సుద్దగీతలు, ముప్పై ఐదు.
రాత్రుళ్ళు దుప్పటి తగిలితే దుప్పటి మీద కోపం.
ఒక రాత్రి కిత్వేకి, గనిలో పనిచేసే తమ్ముడికి ఫోన్ చేసింది.
ఒంటిమీద ఏమైనా లేచిందా నీకు?
లేదక్కా, ఏం?
ఆ పడవ గుర్తుందా?
ఏ పడవ, అన్నాడు.
మిగతాది చెప్పలేదు, పడుకోమంది.

పొక్కులు ఎండి, పట్టీ మచ్చగా నల్లబడ్డాక
చర్చి సంఘం తెల్ల రవికకి కొలతిద్దామని నాలిషేబో వచ్చింది.
తెర వెనక చేతులెత్తి నిలబడింది.
టేపు చుట్టూ తిరిగి వస్తూ
కుడి పక్కటెముక మీద ఒకచోట తగిలినప్పుడు
ఆమె ఊపిరి బిగబట్టింది.
పల్చటి బట్ట కింద పాత మచ్చ,
వెన్ను నుంచి మొదలై, నడుమ దగ్గర ఆగి.

నాలిషేబో తెర సందులోంచి చేపలకేసి చూస్తోంది.
నమసికు అంకె పైకి చదవలేదు.
పుస్తకంలో ముప్పైఆరు రాసి,
కొట్టేసి,
ముప్పైఏడు రాసింది.