బూటు చప్పుడు

కృష్ణానగర్ల టైలర్ దుకాణం మీద,
కిటికీ లేని గదిల నా పని.
గోడల నిండ పాత బొంతలు, గోనెపట్టాలు.
తెర మీద ఇన్‌స్పెక్టర్ నడిచొస్తుంటడు
చప్పుడు లేకుండ, పిల్లి లెక్క.
ఆయనకు బూట్లు తొడిగేది నేనే.

మోకాళ్ళ మీద కూసొని
రెండు చేతులకు రెండు బూట్లేసుకొని
ఇసుక చల్లిన నాపరాయి మీద నడుస్త.
హీరో మెట్లు దిగితే నా మోచేతులు దిగుతయి.
జీపు తలుపుకు మౌలాలిల కొన్న తుక్కు బీరువా,
తుపాకి లోడు చేసేతందుకు మా ఆమె పాత కుట్టుమిషను,
ఎముకలిరగనీకె ములక్కాడలు.
ఇరగకుండ మిగిలినయి రాత్రికి పులుసుల.

లాఠీకి మాత్రం
ఊక నింపి తడిపిన గోనెసంచి.

ఏడో రీలుల
ఒకన్ని గోడకు నిలబెట్టి కొడుతరు.
వాడికి పేరు లేదు, కాగితంల ‘దొంగ 2’ అని ఉన్నది.
ముఖం కనవడది. వీపే.
ఒక్కటేసిన.
అద్దం అవతల ఫిలిప్ తల అడ్డంగ ఊపిండు:
“చాలలేదన్నా, హాలు అదరాలె.”
ఇంకోటి. ఇంకోటి.

అసలుది ఎట్లుంటదో నాకెరుకే.
పందొమ్మిదేండ్ల కింద మా తమ్మున్ని, బిక్షపతిని,
సైకిలు దొంగ అని పట్టుకపోతే
స్టేషన్ బయట బల్ల మీద అమ్మ, నేను.
లోపలికెల్లి పెద్ద సప్పుడేం రాలే.
ఎవరో చాప దులిపినట్టు,
గంతే.
నడుమల ఎవరో రెండు చాయ్‌లు చెప్పుడు మాత్రం
సాఫ్‌గ వినవడ్డది.
సైకిలు మూడోనాడు దొరికింది,
దాని ఓనరు బామ్మర్ది ఇంట్ల.

ఆరో దెబ్బకు ఫిలిప్ బొటనవేలు లేపిండు.

శుక్రవారం మార్నింగ్ షోకు
టికెట్లు తెచ్చింది మా తమ్ముడే.
ఈ హీరో అంటే వాడికి పానం.
క్రాస్ రోడ్స్‌ల, చెమట వాసనల, కాగితం ముక్కల వానల
ఏడో రీలు వచ్చింది.
నేను తెర చూడలే.
వాడు రెండు వేళ్ళు నోట్ల పెట్టి
ఈలేసిండు.

బయటికొస్తుంటే అడిగిండు:
“లాఠీ సౌండు నీదేనా అన్నా?”
ఔనన్న.
“కేక,” అన్నడు, భుజం మీద చెయ్యేసి.

మెట్ల మీద వందల చెప్పుల మధ్యల
కండ్లు మూసుకున్నా గుర్తువడత వాని నడక:
ఒక అడుగు పడ్తది,
ఒకటి ఈడుస్తది.
ఇంట్ల ఎవరు లేనప్పుడు ఒకటి రెండుసార్లు
బూట్లేసుకొని నాపరాయి మీద చూసిన.

రాదు.