చిల్లర

ఆదివారం, ఆరాధన ముగిసి
ఒంగోలు కొత్తపట్నం బస్టాండు దగ్గర
చంకలో బైబిలు, గుప్పిట్లో ఆటో డబ్బులు.
కట్టు కట్టిన కాలుతో ఒకతను
అడ్డమొచ్చి చెయ్యి చాపాడు.

"దేవుడు దీవిస్తాడులే, పో నాయనా" అన్నాను.
"ఇందాక మీ అయ్యగారూ అదే అన్నారమ్మా,
రెండు దీవెనలైనయ్యి.
టీకి ఎనిమిది తక్కువ."

టీకో, క్వార్టరుకో!
కట్టు కింద పుండుందో లేదో!
నా కళ్ళు అప్పటికే
సగం కట్టు విప్పేశాయి.

కరువేడు, కనిగిరిలో
మిషను కాంపౌండు గేటు దగ్గర
సత్తు గిన్నెతో నిలబడ్డది మా అమ్మ రాహేలమ్మ.
గోధుమ రవ్వ పోసినావిడ
గిన్నె నిండిందా అనే చూసింది గానీ
నా మొహం చూడలేదే అని
పోయేదాకా చెప్పుకుంది.

గుప్పిట విప్పాను.
ఇరవై. ఉన్నదంతే.
అతను దండమైనా పెట్టలేదు,
టీ కొట్టు వైపు వెళ్ళాడో లేదో
చూడకుండా ఆటో ఎక్కాను.

పక్కన ఖాళీ చేపల తట్టతో ఒకావిడ.
"ఓ ఇరవై ఉంటే సర్దుతావా అమ్మా?"
ఆ ఒక్క మాటకి
నాలుక ఎంత పిడచ కట్టిందో!

ఎందుకని ఆవిడ అడగలేదు.
కొంగు ముడి విప్పింది.
తడి నోటు,
నీచు వాసన.