కుడి పెట్టె

ఏప్రిల్ మొదటి వారం. సోచా నది నిండా కరిగిన మంచే.
యెరిత్స బండిని తోసుకుంటూ నా కొట్టులోకి వచ్చింది.
"వింకో, దీనికి రెండు అల్యూమినియం పెట్టెలు బిగించాలి."
నేను గడ్డికోత యంత్రాల పళ్ళు అతికేవాణ్ణి.
వంగి చూశాను.
తోక పైకెత్తిన కందిరీగలా ఉంది బండి.
వెనకభాగంలో ఎముకన్నది లేదు,
అంతా ముక్కూ మూతీ కోపమే.
"పందెం గుర్రానికి గంపలు కడతావా?" అన్నాను.
"గుర్రానికి అభ్యంతరం లేదు. నీకుందా?"

ఆవిడ చీజ్ ఫ్యాక్టరీలో తూకాలు చూస్తుంది.
గ్రాము తేడా వస్తే కనుబొమ లేస్తుంది.
యాభై మూడో ఏట నార్వే కొసదాకా వెళ్ళాలట.
ఎందుకని అడిగితే
"పెట్టెలు కొనేశాను కదా" అంది.

ఎడమ పెట్టె బుద్ధిగా కూర్చుంది.
కుడిపక్క సైలెన్సరు మోచెయ్యి పొడుచుకొచ్చింది
బస్సులో పక్క సీటువాడిలా.
ఆ పెట్టెని నాలుగు వేళ్ళు బయటికి జరపక తప్పలేదు.

ఇనప గొట్టంలో ఇసుక కూరి, ఎర్రగా కాల్చి వంచాను.
ఇసుక లేకపోతే వంపు దగ్గర గొట్టం నలిగిపోతుంది.
లోపల ఏదో ఒకటి నిండి ఉన్నవాళ్ళే
నలగకుండా వంగుతారని మా గురువు అనేవాడు.
ఆయన మాత్రం ఎవరికీ వంగలేదు.

ఇండికేటర్లు పెట్టెల చాటున పడ్డాయి.
ఊడదీసి నంబరు ప్లేటు పక్కకి మార్చాను.
వెనక సీటు అడ్డొచ్చింది.
"తీసెయ్" అంది.
చాలా తొందరగా అంది.
స్పానరు వెతికే నెపంతో నేను కాసేపు అటు తిరిగాను.

కావడి ఎత్తేముందు బరువు సరిచూడాలి కదా.
ఫ్యాక్టరీ తక్కెడలో తూచి
పెట్టెకి తొమ్మిది కిలోల బంగాళాదుంపలు పోసింది.
ఎడంవైపు ఒకటి ఎక్కువైతే
తీసి నా జేబులో వేసింది.
వ్రషిచ్ కనుమ మీద మంచు తీసి దారి తెరిచిన వారమే,
యాభై మలుపులూ ఎక్కి దిగి వచ్చింది.

"ఎలా ఉంది?"
"మలుపులో పడుకోబెడితే వింటుంది.
లేపేటప్పుడే ఒక్క క్షణం ఆలోచిస్తోంది.
ఇదివరకు ఆలోచించేది కాదు."
కుడి పెట్టె మూత ఎత్తింది.
ఆవిరి.
సైలెన్సరు వైపు దుంపలు సగం ఉడికాయి!
ఉప్పు ఎక్కడుందో వెతికాను.
వేళ్ళు కాల్చుకుంటూ, తొక్క వలుచుకుంటూ
వెల్డింగు బల్ల దగ్గర నిలబడే తిన్నాం.
పచ్చిగా మిగిలిన సగాన్ని కుక్క కూడా ముట్టలేదు.

మర్నాడు తన వంటింటి బేకింగు ట్రే తెచ్చింది.
"దీంట్లో కేకు ఏనాడూ సరిగ్గా పొంగలేదు, కొయ్యి."
కోసి, సైలెన్సరుకీ పెట్టెకీ మధ్య అడ్డుగోడ కట్టాను.
అంచున ఇంకా పంచదార మరక.

బయల్దేరేముందు చెప్పాను:
ఇన్నాళ్ళూ హ్యాండిలు పట్టిన సందులో నువ్వూ పట్టేదానివి.
ఇకనుంచి నీ వెడల్పు ముందు లేదు, వెనకుంది.
అందులోనూ కుడివైపు నాలుగు వేళ్ళు ఎక్కువ.
మరిచిపోకు.
తలూపింది. క్లచ్ వదిలింది.
నా కొట్టు తలుపు చెక్కని కుడి పెట్టె రాసుకుని
కిర్రుమంది.
ఆగలేదు. ఎడంచెయ్యి మాత్రం పైకెత్తింది,
క్షమాపణో, వీడ్కోలో,
రెండూ ఒకే ధరకో.

జులై వచ్చింది. తలుపుకి రంగు వెయ్యాలి.
ఆ గీత నా మోకాలికి జానెడు పైన,
లోపలి చెక్క తెల్లగా కనిపిస్తూ.
వెనక సీటు అటక మీద బోర్లా పడి ఉంది.
రంగు డబ్బా మూత తీశాను.
గీత చుట్టూ వేసుకుంటూ వచ్చాను.