గాడిద కాళ్ళు

ఓటు లేదు నాకు ఆ దేశంలో.
వీసా లేదు. విమానం ఎక్కిన మొహమూ కాదు.
ఎక్కిందల్లా బొమ్మనహళ్ళి ఆఫీసు క్యాబు,
అదీ వెనక సీటు, అద్దం సగమే దిగుతుంది.

అయినా మూడు నెలలుగా
అక్కడి పెద్దమనుషుల నోళ్ళ కింద టీవీలో పరిగెత్తే
అక్షరాలు నావి.
వాళ్ళు అంటారు, నేను కొడతాను.
అనబోయి మింగితే మూడు చుక్కలు.
జనం చరిస్తే చప్పట్లు.
ఎవరూ చరవకపోతే ఏమీ రాయను,
నా జీతంలో ఆ మర్యాదకి లెక్క లేదు.

మొన్నటి చర్చలో పొడుగాయనా పొట్టాయనా
పదకొండు నిమిషాలు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడారు.
మా రూలు పుస్తకంలో దానికి ఒక్కటే వాక్యం:
ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.
ఇరవై రెండుసార్లు కొట్టాను.
వేళ్ళు పీకాయి గానీ
ఈ సీజన్లో ఇంత నిఖార్సైన వార్త
నేను మరొకటి రాయలేదు.

షిఫ్టు దిగి వస్తే మెట్ల దగ్గర మునిరత్నమ్మ, ఇంటి ఓనరు,
ఖాళీ బిందె చంకనేసుకుని:
"ఏమ్మా యశోవతీ, ఎవురు గెలుస్తా ఉండారు మీవోళ్ళల్లో?"
మావాళ్ళట!
"గుర్తులేమి?"
ఒకరిది ఏనుగండీ, ఒకరిది గాడిద.
"గాడిదా!"
బిందె దించి మరీ నవ్వింది.
"ఆ గుర్తేసుకోని మన వీధిలోకి రమ్మను.
గుర్తనుకోరు, ఇంటిపేరనుకుంటారు."
నేను ఊరుకోవచ్చు కదా.
అవసరానికి వసుదేవుడంతటివాడే
గాడిద కాళ్ళు పట్టుకున్నాడన్నాను.
"పట్టుకున్న్యాడులే, అరవకుండా ఉండేదానికి!
వీళ్ళు మైకిచ్చినారు గదమ్మా."

ఎక్కువ ఓట్లు వచ్చినా ఓడిపోవచ్చని చెప్పడం నా తప్పు.
దానికి కాలేజీ అని పేరుందని చెప్పడం ఇంకా పెద్ద తప్పు.
"ఫీజెంత?" అంది.
తర్వాత నలభై ఏళ్ళు చీటీలు నడిపిన మనిషి గనక
తనే తేల్చింది:
"తెలిసె పో. కట్టేది ఊరంతా, పాడేది ఏడుమంది.
ఆ ఏడుమంది ఇండ్లకే గదా కాపీకి పోతారు!"
టీవీ పండితులు రాత్రంతా పటాలు గీసి చెప్పింది
ఈవిడ బిందె ఎత్తుకునే లోపల అయిపోయింది.

నిజం చెప్పొద్దూ,
అక్కడి జిల్లాల పేర్లు నాకు కలలోనూ వస్తున్నాయి.
ఏ మూల పోస్టు ఓట్లు ఆలస్యంగా విప్పుతారో,
ఏ ఊరి పాలరైతులు ఈసారి అలిగారో తెలుసు.
మా వార్డు నంబరు అడగండి,
కరెంటు బిల్లు వెతుక్కుంటాను, అందులో ఉండదు.
కార్పొరేటరు ఎవరని అడిగితే
క్యాబ్ దొరెస్వామి నవ్వి, అద్దం సర్దుకుంటాడు.
నా ఓటింకా కదిరిలోనే ఉంది,
నాలుగేళ్ళుగా ఫారం నింపబోతూనే ఉన్నాను.

ఇవాళ బుధవారం. అక్కడింకా మంగళవారం రాత్రి.
ఫోన్లో పటం, ఎర్రదీ నీలందీ
రెండు చీరలు ఒకే బకెట్లో నానేసినట్టుంది.
ఇంకొక్క రాష్ట్రం తేలాలి.
తేలుతోంది, తేలుతోంది...

వీధి చివర హారన్.
ఆరు రోజుల తర్వాత ట్యాంకరు!
పీజీ పిల్లలు టూత్‌బ్రష్షులతో, మూడో అంతస్తాయన లుంగీలో,
బిందెలూ డ్రమ్ములూ, ఎవరిదో పాత కూలరు తొట్టీ.
ధర దగ్గర పేచీ వచ్చింది,
డ్రైవరు కన్నడంలో, మునిరత్నమ్మ తెలుగులో,
నడిమధ్య ఎవరో తమిళంలో ధర్మపన్నాలు.
నా వేళ్ళు వాటంతటవే గాల్లో ఆడాయి.

ఫోను గోడ మీద పెట్టాను.
గొట్టం కొస నా చేతికిచ్చి పట్టుకోమన్నారు.
నీళ్ళొచ్చేటప్పుడు అది
ఇటూ అటూ తన్నుతుంది.
రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.

ఎవరు గెలిచారో
డ్రమ్ము నిండాక చూద్దాం.