మాది ఇంకొంచెం పుల్లన

కుల్లోర్సుయాక్‌లో కొట్టు నాది కాదు, కంపెనీది.
తాళంచెవి నాది. అప్పుల ఖాతా నాది.
నవంబరు మొదట్లో సూర్యుడు
బొటనవేలి కొండ వెనక్కి దిగాడంటే
ఫిబ్రవరి దాకా ముఖం చూపించడు.
ఇక ఓడ సంగతి సరేసరి.

ఆ ఏడు పిండి అడుగంటింది.
ఆఖరి బస్తా దులిపితే సోలెడు.
కాఫీ గింజలు లెక్కపెట్టి అమ్మాను.

బిబియానె ముసలామె
బూట్ల మీది మంచు గుమ్మంలో దులుపుకుని వచ్చేది.
ఏమీ కొనేది కాదు.
"పావియా, అంజూరపాకు గరుకా, నునుపా?"
నాకేం తెలుసు?
మా ఊళ్ళో చెట్టన్నదే లేదు.
ఇక్కడ మొలిచినదేదీ చీలమండ దాటదు.
నిలువెత్తు కర్ర చూడాలంటే
తెడ్డన్నా కావాలి, శవపేటికన్నా కావాలి.

రోజుకి ఒకే వాక్యం చదివేదామె.
కిరసనాయిలు దీపం దగ్గర
అక్షరాల మీద వేలు ఆనించి
కళ్ళు మూసుకునేది,
మంచులో సీలు కన్నం పక్కన
వేటగాడు కూచున్నట్టు.
ఊపిరి కోసం అది పైకి రావాల్సిందే కదా
ఎప్పటికైనా.

"చూడనిదాన్ని ఎట్లా చదువుతావు?" అన్నాను.
"చూసిందే అయితే చదవడమెందుకు?"

గోధుమచేను ఎట్లుంటుందో చెప్పింది:
ఎలుగు వీపున పసుపుబారిన బొచ్చు
గాలికి ఒక్క పక్కకి ఒరుగుతుందే, అట్లా,
కనుచూపుమేర.
గొర్రెపిల్లంటే తెల్ల సీలుకూనేనట.
"కాళ్ళు మాత్రం నేను కుట్టాను."

"మరి ద్రాక్షతోటకి కాపలా ఎవరు?"
నవ్వుతూనే అడిగాను.
"మా ఇలన్నువాక్. కుక్కలతో సహా."
పదకొండేళ్ళ కిందట పగిలిన మంచులోకి
బండితో పోయినవాడు.
నేను తూకపురాళ్ళు సర్దుకున్నాను.

ఆ జనవరిలో పిల్లలు ఆమె ఇంట్లోంచి
ఏదో నములుతూ బయటికొచ్చేవాళ్ళు.
పొయ్యి మీద ఏమీ లేదని నాకు తెలుసు,
ఖాతా నా దగ్గరే ఉంది.
అయినా వాళ్ళ పెదాలు తడిగా ఉండేవి.

జులైలో ఓడ వచ్చింది.
పెట్టెల మధ్య చిరిగిన పొట్లం ఒకటి,
లోపల ఎండుద్రాక్ష.
పరుగెత్తుకెళ్ళి ఒకటి ఆమె అరచేతిలో పెట్టాను,
నలభై ఏళ్ళ బాకీ తీరుస్తున్నవాడిలా.
అటూ ఇటూ తిప్పి చూసింది.
చాలాసేపు నమిలింది.
"పాపం, దూరం నుంచి వచ్చింది," అంది.
"మాది ఇంకొంచెం పుల్లన."

ఆ రాత్రి, రాత్రి అంటే వెలుగే అనుకోండి,
తెర వేసుకుని
నేనూ ఒక వాక్యం మీద వేలు పెట్టాను.
మొదట ధర కనిపించింది.
తర్వాత తూకం.
వేలు తియ్యలేదు.
ఎప్పటికో,
మోకాలెత్తు తీగ ఒకటి, వంకరగా.
ఆకులింకా వెయ్యలేదు.
నీళ్ళు పొయ్యాలి కాబోలు.
రేపు ఆమెనడగాలి.